సైలెంట్ వ్యాలీకి పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

మోతుగూడెం_అమ్మాయి | జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఫిబ్రవరి రెండో వారంలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో ఉన్న సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కుకి వెళ్దామని అనుకుంటున్నాం. మేం నలుగురం, నేను, మా అబ్బాయి (తొమ్మిదేళ్ళు), నాన్నకి 74, అమ్మకి 68. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. నాన్న గుండెకి మందులు వాడతారు కానీ రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. అసలు ఈ ట్రిప్పు నాన్న కోసమే. ఆయన కరెంటు బోర్డులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, లోయర్ సీలేరు ప్రాజెక్టులో మోతుగూడెంలో చాలా ఏళ్ళు ఉన్నారు, నేను అక్కడే పుట్టాను. సైలెంట్ వ్యాలీలో డ్యాం కట్టాలా వద్దా అని దేశమంతా గొడవ జరిగినప్పుడు వాళ్ళ ఆఫీసులో కూడా రోజూ టీ దగ్గర అదే వాదనంట, నాన్న గట్టిగా కట్టాలి అనేవాళ్ళలో ఒకరు. ఇన్నేళ్ళ తర్వాత మొన్న సంక్రాంతి పనులు మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి "ఆ చోటు ఒకసారి కళ్ళతో చూడాలనుంది" అన్నారు. అంతే, నాకు ఇంక వేరే ఊరు పేరు గుర్తుకురాలేదు.

అడగాల్సినవి: ఎలా వెళ్ళాలి, లోపల ఎంత నడవాలి, జలగలు ఎంత ఉంటాయి, ఇంకా పిల్లాడికి జంతువులు కనిపిస్తాయా. కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

కోవై_తెలుగు | జనవరి 6, రాత్రి 10:25

నమస్తే అక్కా. మాది కోయంబత్తూరే, తాతల కాలం నుంచి ఇక్కడే, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, రాయడం నేను పెద్దయ్యాక నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే ఏమనుకోకండి. సైలెంట్ వ్యాలీకి నేను ఆరేడు సార్లు పోయాను.

మీరు హైదరాబాద్ వైపు నుంచైతే శబరి ఎక్స్‌ప్రెస్, వైజాగ్ వైపు నుంచైతే బొకారో (ధన్‌బాద్ అలెప్పీ), రెండూ కోయంబత్తూరు మీదుగా పాలక్కాడ్ పోతాయి, అయ్యప్ప మాల వేసినవాళ్ళందరికీ తెలిసిన బండ్లే. పాలక్కాడ్‌లో దిగితే మన్నార్‌కాడ్ మీదుగా అట్టపాడి చురం ఎక్కి ముక్కాలి చేరాలి, చురం అంటే మలయాళంలో ఘాట్ రోడ్డు. కోయంబత్తూరులో దిగితే ఆనైకట్టి, అగళి మీదుగా ముక్కాలి. నన్నడిగితే కోయంబత్తూరు దారిలో రండి. ఎందుకంటే ఆనైకట్టి దాటాక అట్టపాడి తూర్పు భాగమంతా ఎండు కొండలు, ముళ్ళ కంపలు, జొన్నలూ రాగులూ పండే నేల, మీ రాయలసీమలాగే ఉంటుంది, వాన కొండకి అవతలే ఆగిపోతుంది కదా. అలా వస్తూ వస్తూ గంటలో రంగు మారిపోతుంది, గాలి మారిపోతుంది, ముక్కాలి వచ్చేసరికి చెట్ల మీద నాచు. ఆ మార్పు చూస్తే కొండ ఏం పని చేస్తుందో పిల్లాడికి వేరే పాఠం చెప్పక్కర్లేదు. కానీ చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద రావద్దు, ఏనుగులు దాటుతుంటాయి.

ముక్కాలిలోనే ఫారెస్ట్ ఆఫీసు. సొంత బండి అక్కడి వరకే. అక్కడి నుంచి సైరంధ్రి అనే చోటికి 23 కిలోమీటర్లు అడవి లోపలికి, వాళ్ళ పర్మిషన్ ఉన్న జీపులోనే, వాళ్ళ గైడుతోనే పోవాలి. పొద్దున 8కి మొదలవుతుంది, మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత లోపలికి పంపరు. రోజుకి ఇన్ని జీపులనే లెక్క ఉంది కాబట్టి ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి, రేట్లు మారుతుంటాయి, అప్పుడే అడగండి. జీపు సైరంధ్రి దాకా పోతుంది కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు, కానీ రోడ్డు గతుకులు, నడుముకి పని చెప్తుంది, ముందు సీటు అడగండి.

ఆదిలాబాద్_పోరడు | జనవరి 6, రాత్రి 11:02

నేను పోయిన అక్టోబర్ల పోయొచ్చిన. నేను కవ్వాల్ అడవి పక్కన పుట్టి పెరిగినోణ్ణి, అడవి అంటే నాకు తెల్సు అనుకుంటుంటి. మన దిక్కు అడవి అంటే టేకు, తునికి, ఇప్ప, ఎండాకాలం వస్తే ఆకులన్నీ రాలి దూరం దాకా కనబడుతది, దుప్పి నిలబడితే రెండొందల అడుగుల కెల్లి కనబడుతది. అక్కడ పోయినంక నాకు సమజైంది, అది వేరే లోకం. పట్టపగలు పదకొండు గంటలకి జీపు లైట్లు ఏసుకున్నడు డ్రైవరు. చెట్టు మొదలు చూస్తే గోడలెక్క వేర్లు లేచి ఉన్నయి, నేను నిలబడితే నా భుజం దాకా వచ్చినయి, పైకి చూస్తే కొన కనబడలే. చెట్టు మీద చెట్టు, దాని మీద తీగ, తీగ మీద నాచు, నాచుల మళ్ళ ఒక చిన్న పువ్వు. జంతువులు మాత్రం ఏం కనబడలే అక్కా, ఒక్క ఉడుత తప్ప. జలగలు మాత్రం దండిగ. బూటు లోపలికెల్లి పదకొండు తీసిన.

ఇంకో ముచ్చట. ముక్కాలి బయట ఒక ఏజెంటు మాకు "నైట్ సఫారీ" అని పైసలు అడ్వాన్స్ తీస్కున్నడు, తీరా చూస్తే అసువంటిది ఏం లేదు, పైసలు గూడ వాపస్ రాలే. ఆఫీసుల తప్ప బయట ఎవ్వనికీ ఒక్క రూపాయి ఇవ్వకుండ్రి.

గుంటూరు_డాక్టరమ్మ | జనవరి 7, ఉదయం 6:15

జలగల గురించి కాస్త వివరంగా చెప్తాను, భయపడి ట్రిప్పు మానుకునేవాళ్ళని చాలామందిని చూశాను. జలగ కరిస్తే నొప్పి తెలియదు, జబ్బు కూడా ఏమీ అంటుకోదు మామూలుగా. రక్తం గడ్డకట్టకుండా ఒక పదార్థం వదులుతుంది, అందుకే అది ఊడిపోయిన తర్వాత కూడా కాసేపు కారుతూనే ఉంటుంది. లాగి పీకకండి, పళ్ళ దగ్గర పుండవుతుంది. వేలిగోరుతో పక్కనుంచి నెమ్మదిగా తోస్తే వదిలేస్తుంది, తర్వాత సబ్బుతో కడిగి, దూదితో గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలు. గోకితేనే చీము పడుతుంది, పిల్లాడికి ఆ మాట గట్టిగా చెప్పండి.

మీ నాన్నగారు గుండెకి మందులు అన్నారు. అందులో రక్తాన్ని పల్చగా ఉంచే ఎకోస్ప్రిన్ లాంటిది ఉంటే రక్తం మామూలుకన్నా ఎక్కువసేపు కారుతుంది, కంగారు పడొద్దు, కానీ మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, బయల్దేరే ముందు వాళ్ళ డాక్టరుని ఒకసారి అడగండి. మోకాలిదాకా వచ్చే జలగ మేజోళ్ళు దొరుకుతాయి, దగ్గరగా నేసిన గుడ్డ, ఒక్కోళ్ళకి ఒక జత కొనండి. ఫిబ్రవరిలో నేల ఆరి ఉంటుంది కాబట్టి చాలా తక్కువ ఉంటాయి, వాన పడితే తప్ప.

అమ్మగారికి మోకాలి బెల్టు, ఒక చేతికర్ర. ఘాట్ రోడ్డులో వాంతులు వస్తాయనుకుంటే మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం లేదు.

పిట్టలదొర | జనవరి 7, ఉదయం 7:50

జంతువులు కనిపిస్తాయా అనే ప్రశ్నకి నాకు కొంచెం పెద్ద జవాబే ఉంది మేడం, ఓపిగ్గా చదవండి.

అక్కడ ఏనుగులున్నాయి, పులి ఉంది, చిరుత ఉంది, పైన గడ్డి కొండల్లో నీలగిరి తార్ అనే కొండమేక ఉంది, రాచనాగు ఉంది. వీటిల్లో ఏదీ మీకు కనపడదనే లెక్కతో వెళ్ళండి. సతతహరితారణ్యంలో పది అడుగుల అవతల ఏముందో తెలియదు, ప్రాణమంతా పైన ఉంటుంది, ముప్పై నలభై మీటర్ల ఎత్తున కొమ్మల్లో. అందుకని తల పైకెత్తి చూడటం అలవాటు చేసుకోవాలి, మెడ నొప్పి ఖాయం.

చూడాల్సింది సింహతోక కోతి. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో లేదు. ఒళ్ళంతా నలుపు, ముఖం చుట్టూ వెండిరంగు జూలు, తోక చివర చిన్న కుచ్చు. మలయాళంలో సింహవాలన్ అంటారు. చాలామంది నీలగిరి కొండముచ్చుని చూసి ఇదే అనుకుని ఫోటోలు పెట్టేస్తారు, అదీ నల్లగానే ఉంటుంది కానీ జూలు ఉండదు, తల మీద జుట్టు తేనెరంగులో ఉంటుంది, తోక బాగా పొడుగ్గా వేలాడుతుంది. ముందు తోక చూడండి, తర్వాత ముఖం చూడండి, పొరపాటు పడరు.

ఈ కోతి చెట్టు దిగదు, అంటే అడవి బాగున్నచోట దిగాల్సిన పని ఉండదు. తమిళనాడు వాల్పారైలో పుదుతోట్టం దగ్గర టీ తోటల మధ్య మిగిలిన చిన్న అడవి ముక్కలో ఇదే కోతులు రోడ్డు మీద తిరుగుతాయి, ఇళ్ళ మీదకి వస్తాయి, వాటి కోసం రోడ్డుకి అడ్డంగా పైన తాడు వంతెనలు కట్టారు. అక్కడ ఐదు నిమిషాల్లో కనిపిస్తుంది, సైలెంట్ వ్యాలీలో ఐదుసార్లు వెళ్ళినా కనిపించకపోవచ్చు. నాకు మాత్రం కనిపించని చోటే ఇష్టం, అక్కడ దానికి మనతో పని లేదు కాబట్టి.

ఇంక పెద్ద హార్న్‌బిల్ అనే పక్షి ఎగురుతుంటే రెక్కల చప్పుడు ముందు వినిపిస్తుంది, ఆవిరి ఇంజను ఊపిరిలాగా. పొద్దున్నే వాగు దగ్గర ఎవరో కుర్రాడు ఈల వేస్తున్నట్టుంటే అది మలబార్ ఈలపిట్ట. ఆదిలాబాద్ తమ్ముడు చూసిన ఉడుత మన నల్లమలలో బెట్టుడుత అంటామే, దాని చుట్టమే. పిల్లాడికి బైనాక్యులర్ ఇవ్వండి, ఫోన్ కాదు. లోపల సిగ్నల్ కూడా ఉండదు.

కాలువగట్టు | జనవరి 7, మధ్యాహ్నం 1:12

ట్రిప్పు సంగతి కాదుగానీ ఒక మాట అడగాలని ఉంది. నేను కృష్ణా డెల్టా రైతుబిడ్డని. డ్యాములూ బ్యారేజీలూ లేకపోతే మాకు అన్నం లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టకపోతే గోదావరి జిల్లాలు ఏమయ్యేవి? అలాంటిది కోతుల కోసం కరెంటు ప్రాజెక్టు ఆపేశారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కేరళలో ఉత్తరాన మలబారు వైపు జిల్లాల్లో అప్పట్లో కరెంటుకి కటకట అని చదివాను. ఆ జనం సంగతేంటి? ఎవర్నీ తక్కువ చేయాలని కాదు, నిజంగా తెలుసుకుందామనే.

బాటసారి | జనవరి 7, సాయంత్రం 4:30

కాలువగట్టు గారూ, మీరడిగింది సబబైన ప్రశ్నే, అప్పట్లో కేరళ శాసనసభలో కూడా అదే అడిగారు. నాకు తెలిసింది చెప్తాను.

సైరంధ్రి దగ్గర డ్యాం కట్టొచ్చని బ్రిటిష్‌వాళ్ళు 1928లోనే చోటు చూసిపెట్టారు. 1973లో ప్లానింగ్ కమిషన్ ఒప్పుకుంది. 120 మెగావాట్ల కరెంటు, పాలక్కాడ్ మలప్పురం వైపు కొంత సాగునీరు, ఇదీ ప్లాను. మునిగేది 8.3 చదరపు కిలోమీటర్లు. వినడానికి చిన్నదే. కానీ అది లోయ అడుగుభాగం, నది వెంట ఉన్న అడవి, తక్కిన అడవంతా దాన్ని ఆనుకునే బతుకుతోంది. పైగా డ్యాం అంటే డ్యాం ఒక్కటే కాదు కదా, రోడ్లు, క్వార్టర్లు, వేలమంది కూలీలు, వంటచెరుకు, ఇవన్నీ పదేళ్ళు.

వద్దన్నది కోతుల కోసం ఏడ్చినవాళ్ళు మాత్రమే కాదు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ అని 1962లో మొదలైన సంస్థ, స్కూలు టీచర్లు, లెక్చరర్లు, ఇంజనీర్లు ఉన్న సంస్థ, వాళ్ళూ వద్దన్నారు. అందులోని ఎం.కె. ప్రసాద్ అనే వృక్షశాస్త్రం మాస్టారు మొదట్లోనే గొంతెత్తినవాళ్ళలో ఒకరు. వాళ్ళు ఊరికే వద్దు అనలేదు, ఆ కరెంటు ఇంకో దారిలో ఎలా తేవచ్చో లెక్కలు వేసి రిపోర్టు అచ్చువేశారు. ఊరూరా తిరిగి చెప్పారు. కవయిత్రి సుగతకుమారి చెట్టు మీద రాసిన కవితని సభల్లో ప్రార్థనలాగా చదివేవాళ్ళంట. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ లాంటి పెద్దాయన, వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు కూడా అడవిని ఉంచాలన్నారు. చివరికి శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ గారి కమిటీ చూసి రిపోర్టిచ్చాక 1983లో ఇందిరాగాంధీ ప్రాజెక్టు ఆపేయించారు. 1984 నవంబరులో నేషనల్ పార్కుగా ప్రకటించారు, ఆవిడ అప్పటికే లేరు. 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ వెళ్ళి ప్రారంభించారు.

మీ డెల్టాకి ఆనకట్ట తప్పని ఎవరూ అనరు. కట్టే ప్రతి చోటా ఏం పోతుందో ముందు కూర్చుని లెక్కేసుకోవాలి, అక్కడ ఆ లెక్క జనం అడిగి వేయించారు. మన దగ్గర పోలవరం ముంపు ఊళ్ళ కోయలూ కొండరెడ్లూ అదే అడిగారు. ఏడు మండలాలు 2014లో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిపోయాయి, ఆ ఊళ్ళలో నాకు స్నేహితులున్నారు కాబట్టి ఈ విషయం చల్లగా మాట్లాడటం నావల్ల కాదు, ఇక్కడితో ఆపుతాను.

కాలువగట్టు | జనవరి 7, సాయంత్రం 6:05

థాంక్స్ అండీ, వివరంగా చెప్పారు. వాళ్ళు వేరే దారి లెక్కలు వేసి చూపించారన్నది నాకు తెలియదు. అదైతే ఒప్పుకుంటాను.

వేదిక_నిర్వాహకుడు | జనవరి 7, సాయంత్రం 6:40

పోలవరం మీద ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్ళండి, ఇక్కడ అక్కగారి ప్రయాణం మాట్లాడుకుందాం.

సీమ_చినుకు | జనవరి 8, ఉదయం 8:20

సైరంధ్రి అంటే మన ద్రౌపదే కదా, విరాటుడి కొలువులో పెట్టుకున్న పేరు? అడవిలో చోటుకి ఆ పేరెందుకు?

కోవై_తెలుగు | జనవరి 8, ఉదయం 9:10

అవును అదే. పాండవులు వనవాసంలో ఇక్కడ ఉన్నారని లోకల్ కథ. ఆ లోయలో పారే నదికి కుంతిపుళ అని పేరు, పుళ అంటే నది. ఇంగ్లీషువాళ్ళు సైరంధ్రిని పలకలేక సైలెంట్ వ్యాలీ చేశారని కొందరు, లేదు లోపల కీచురాళ్ళ రొద ఉండదు కాబట్టి ఆ పేరని కొందరు. నేను విన్నంతవరకు కీచురాళ్ళు అసలు లేకపోలేదు, కొన్నిచోట్ల అరుస్తాయి. కానీ నడి అడవిలో జీపు ఇంజను ఆపేసి అందరూ మాట్లాడటం ఆపితే వచ్చే నిశ్శబ్దం మాత్రం నిజం, చెవుల్లో మన రక్తం చప్పుడు మనకే వినిపిస్తుంది.

మోతుగూడెం_అమ్మాయి | జనవరి 8, రాత్రి 9:00

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. బాటసారి గారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నారు, 8.3 చదరపు కిలోమీటర్లంటే 830 హెక్టార్లు అని కాగితం మీద రాసుకున్నారు. 120 మెగావాట్లేనా అన్నారు, లోయర్ సీలేరు 460 కదా. అమ్మ మాత్రం సైరంధ్రి దగ్గరే ఆగిపోయింది. వాళ్ళ ఊళ్ళో వానలు పడకపోతే రామాలయంలో విరాటపర్వం చదివించేవాళ్ళంట, "ఆ తల్లి పేరున్నచోట వాన పడక ఏం చేస్తుంది" అంది. ఇప్పుడు నాన్నకన్నా అమ్మకే తొందరగా ఉంది.

ఆఫీసుకి ఫోన్ చేశాను, జీపు బుక్కయింది. తమిళం వస్తే సరిపోతుందా అక్కడ?

కోవై_తెలుగు | జనవరి 8, రాత్రి 9:35

తమిళం ఎక్కువే సరిపోతుంది అక్కా, అట్టపాడిలో చాలామంది తమిళం మాట్లాడతారు. గైడ్లు ఎక్కువగా ఇరుల, ముదుగ అనే గిరిజన కుటుంబాలవాళ్ళు, వాళ్ళ అడవి అది, చెట్టు చెట్టుకీ పేరు చెప్తారు. మనం అడిగితేనే చెప్తారు, కాబట్టి అడగండి. ప్లాస్టిక్ కవర్లు లోపలికి వద్దు. టిఫిన్ ముక్కాలిలో పుట్టు కడల (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి, శనగల కూర) దొరుకుతుంది, పెద్దవాళ్ళకి కేరళ మట్ట బియ్యం అన్నం కొంచెం గట్టిగా అనిపిస్తుంది, పెరుగు అడిగి తీసుకోండి.

మోతుగూడెం_అమ్మాయి | ఫిబ్రవరి 17, రాత్రి 8:15

వెళ్ళొచ్చాం. నిన్న రాత్రే ఇల్లు చేరాం, మీ అందరికీ చెప్పకుండా నిద్ర పట్టేలా లేదు, పొడుగ్గా రాస్తున్నాను.

కోవై తమ్ముడు చెప్పినట్టే ఆనైకట్టి దారిలో వచ్చాం. ఆ ఎండు కొండలు చూసి అమ్మ "ఇదేంటే, అడవన్నావు" అంది, ఇంకో గంటకి కారు అద్దం దించి చెయ్యి బయటపెట్టి "తడిగా ఉంది గాలి" అంది. రాత్రి ముక్కాలిలో ఉండి పొద్దున ఏడున్నరకే ఆఫీసు దగ్గర నిలబడ్డాం. మా గైడు ఇరుల ఆయన, యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదటి అరగంట ఎవరం పెద్దగా ఏం మాట్లాడలేదు, జీపు కుదుపులు, ఇంకా ఎక్కడో పైన ఎండ ఉంది గానీ కిందకి రావడం లేదు, చెట్ల మధ్య నుంచి సన్నటి గీతల్లాగా దిగుతోంది. మా వాడు తల పైకెత్తి చూసీ చూసీ జీపులో వెనక్కి పడుకుండిపోయాడు, అలాగే చూశాడు దారంతా. ఆదిలాబాద్ తమ్ముడు చెప్పిన గోడల్లాంటి వేర్లు చూశాం. పెద్ద చెట్టు మొదట్లో పనసకాయల్లాగా కాండానికే కాయలు, చెట్టంత పొడుగు ఫెర్న్ మొక్కలు, నాగకేసరం చెట్టు చూపిస్తే అమ్మ జీపు ఆపించి దండం పెట్టుకుంది, ఇంట్లో మందులపెట్టెలో ఎండిన పువ్వులే తప్ప చెట్టు ఎప్పుడూ చూడలేదంట.

ఒకచోట గైడు చెయ్యెత్తి ఇంజను ఆపించాడు. పైనుంచి ఏవో రాలుతున్నాయి, టప్ టప్ మని. చూస్తే గొట్టాల్లాంటి మందపాటి పువ్వులు, సగం కొరికి పడేసినవి. సింహవాలన్ తింటున్నాయి అని గుసగుసగా చెప్పాడు. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాం. కనిపించింది ఒక్క తోక, చివర కుచ్చు, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి, అంతే. పిట్టలదొర గారూ, మీరు ముందు తోక చూడమన్నారు, మాకు అదొక్కటే దక్కింది, మా వాడు మాత్రం ఆ తోక గురించి ఇప్పటికి యాభైమందికి చెప్పాడు. ఆ చెట్టు కింద పాత ఎండు కాయ తొక్క ఒకటి పడుంది, ఒళ్ళంతా ముళ్ళు. గైడు దాన్ని తీసి చూపించి మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాడు. మా వాడు తెచ్చుకుంటానంటే తల అడ్డంగా ఊపాడు.

సైరంధ్రిలో వంద అడుగుల వాచ్ టవర్ ఉంది, ఇనప మెట్లు. అమ్మ కింద బెంచీ మీద కూర్చుంది. నాన్న నెమ్మదిగా ఆగి ఆగి ఎక్కారు, వెనక నేను. పైకెళ్ళాక చుట్టూ ఒక్క ఇల్లు లేదు, ఒక్క కరెంటు తీగ లేదు, కొండల వెనక కొండలు, పైన కొండ నెత్తి మీద గడ్డి, మడతల్లో ముదురుపచ్చ, కింద కుంతిపుళ చిన్న మెరుపులాగా. నాన్న గైడుని ఒక్కటే అడిగారు, డ్యాం ఎక్కడ అనుకున్నారు అని. ఆయన చెయ్యి చూపించాడు. నాన్న చాలాసేపు చూశారు. "రెండు కొండలు ఎంత దగ్గరకొచ్చాయో చూడమ్మా, ఇంత ఇరుకు గొంతు దొరికితే మేం పండగ చేసుకునేవాళ్ళం" అన్నారు. తర్వాత నీళ్ళు ఎక్కడిదాకా నిలబడేవో తనే లెక్కేసి చేత్తో గీత గీసినట్టు చూపించారు, ఆ గీత కింద ఉన్నదంతా మేం పొద్దున్నుంచీ తలెత్తి చూసినటువంటి అడవే. "మా సర్వే షీట్లలో అడవి అంటే ఒకటే పచ్చరంగు పూత. ఆ రంగు కింద ఏముందో మేం రాసేవాళ్ళం కాదు" అన్నారు. అప్పుడు నేనేం మాట్లాడలేదు.

నదికి ఒకటిన్నర కిలోమీటరు నడక, దిగుడు. అమ్మ రాలేదు, నేనూ నాన్నా మా వాడూ వెళ్ళాం. ఏనుగు లద్దె తాజాగా ఉంది దారిలో, గైడు ముందు నడిచి చూసుకుని మమ్మల్ని పిలిచాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాయి మీద గీతలు కనిపిస్తున్నాయి. పైన ఎక్కడా మనుషుల ఊరు లేదంట ఈ నదికి. నీళ్ళలోకి దిగనివ్వరు, దిగాలని కూడా అనిపించలేదు. నాన్న ఇంజనీరు ప్రశ్న అడిగారు, ఏప్రిల్లో ఎంత ఉంటుంది నీరు అని. అప్పుడూ పారుతుంది, ఎప్పుడూ ఆగిపోవడం చూడలేదు అన్నాడాయన. నాన్న వంగి ఒడ్డున ఆకులు తీసి చూశారు, ఒక జానెడు ఆకులు, వాటికింద తడి, సన్నటి వేర్ల వల. "ఇదే రిజర్వాయరు" అన్నారు.

రాత్రి ముక్కాలిలో కాలువగట్టు గారి ప్రశ్న మళ్ళీ నేనే అడిగాను. నాన్న జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మోతుగూడెంలో మేం కట్టింది తప్పని నేననను, ఆ కరెంటుతో ఎన్ని ఊళ్ళలో మోటార్లు తిరిగాయో నాకు తెలుసు. ఇక్కడ కట్టకపోవడం మాత్రం మంచి పని. అప్పుడు నేను అరిచింది చూడకుండా అరిచాను."

జలగలు నాకు రెండు, నాన్నకి ఒకటి. డాక్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టే చాలాసేపు కారింది, దూది నొక్కిపట్టి కూర్చున్నాం, ముందే తెలుసు కాబట్టి భయం వేయలేదు.

గుంటూరు_డాక్టరమ్మ | ఫిబ్రవరి 17, రాత్రి 9:05

చాలా సంతోషం అమ్మా. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

కాలువగట్టు | ఫిబ్రవరి 17, రాత్రి 9:50

మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. వేసవి సెలవులకి మా పిల్లల్ని కూడా తీసుకెళ్తాను. మే నెలలో తెరిచి ఉంటుందా?

కోవై_తెలుగు | ఫిబ్రవరి 17, రాత్రి 10:20

మామూలుగా ఉంటుందండీ, కానీ బాగా ఎండలు ముదిరితే నిప్పు భయంతోనూ, జూన్ తర్వాత వానలకి రోడ్డు మీద కొండ విరిగిపడితేనూ ఆపేస్తారు. ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి. డిసెంబరు నుంచి మార్చి లోపలైతే ఏ గొడవా లేదు.

మోతుగూడెం_అమ్మాయి | ఫిబ్రవరి 18, ఉదయం 7:30

నాన్న తరఫున ఒక ప్రశ్న. గైడు చెప్పిన చెట్ల పేర్లన్నీ ఆయన పాత ఆఫీసు డైరీలో రాసుకొచ్చారు. కోతులు పువ్వులు తిన్న ఆ ముళ్ళకాయ చెట్టుకి తెలుగులో ఏమంటారు? నిన్నటి నుంచి నిఘంటువులు తిరగేస్తున్నారు, దొరకలేదు.

పిట్టలదొర | ఫిబ్రవరి 18, ఉదయం 8:45

అది కులేనియా మేడం, దురియన్ పండు కుటుంబం. పడమటి కనుమల తడి అడవిలోనూ శ్రీలంకలోనూ తప్ప ఉండదు, మన కొండల్లో లేదు, అందుకే మన భాషలో పేరు కూడా పుట్టలేదు. మలయాళంలో వెడిప్లావు అంటారు, ప్లావు అంటే పనస, వెడి అంటే పేలడం. కాయ పండితే పగిలి విచ్చుకుంటుంది.

మోతుగూడెం_అమ్మాయి | ఫిబ్రవరి 18, ఉదయం 9:10

చదివి వినిపించాను. డైరీ తీసి ఖాళీగా వదిలిన చోట పెన్సిల్‌తో "పేలుపనస" అని రాసుకున్నారు.